పాత పీఎల్‌సీలో స్కాన్ టైమ్ ఎలా తగ్గించాలి

జీడిమెట్లలో ఒక జ్యూస్ ఫ్యాక్టరీ. లైన్ మీద నిమిషానికి 240 బాటిళ్లు. స్క్రీన్ మీది లెక్కకీ, కార్టన్ల లెక్కకీ షిఫ్ట్‌కి పది పదిహేను తేడా వస్తోంది. నేను వెళ్లేసరికే సెన్సర్ రెండుసార్లు మార్చేశారు.

లైన్‌ని నడిపే పీఎల్‌సీ (యంత్రాల్ని నియంత్రించే చిన్న కంప్యూటర్) సీమెన్స్ ఎస్7-300. అది ఇన్‌పుట్‌లు చదివి, ప్రోగ్రామ్ నడిపి, అవుట్‌పుట్‌లు మార్చే ఒక్కో చుట్టునీ స్కాన్ అంటారు. దానికి పట్టే సమయమే స్కాన్ టైమ్, అదే సైకిల్ టైమ్. ల్యాప్‌టాప్‌ని దానికి కలిపి, ఆన్‌లైన్‌కి వెళ్లి మాడ్యూల్ ఇన్ఫర్మేషన్‌లో సైకిల్ టైమ్ చూశాను. ఆ క్షణానికి 38 మిల్లీసెకన్లు, అత్యధికం 70. బాటిల్ సెన్సర్ ముందు ఉండేది 45 మిల్లీసెకన్లే. స్కాన్ 70కి సాగినప్పుడు ఆ మధ్యలో వచ్చి వెళ్లిన బాటిల్ పీఎల్‌సీ కంట పడదు.

కాబట్టి ముందు కొలవండి. సగటు బాగుందని వదిలేయొద్దు, అత్యధిక విలువే చూడండి. ప్రతి స్కాన్‌లో నడిచే ప్రధాన బ్లాక్ (ప్రోగ్రామ్ ముక్క) ఓబీ1. అందులో అత్యధిక స్కాన్ టైమ్‌ని చూపే మ్యాక్స్ సైకిల్ వేరియబుల్ ఉంటుంది. దాన్ని ఒక డేటా బ్లాక్‌లోకి (విలువలు దాచుకునే చోటు) కాపీ చేసి ఒక షిఫ్ట్ నడవనివ్వండి.

తర్వాత బ్యాకప్. ల్యాప్‌టాప్‌లోని ప్రోగ్రామ్‌ని, పీఎల్‌సీలో నడుస్తున్నదాన్ని పోల్చి చూడండి. పీఎల్‌సీ నుంచి అప్‌లోడ్ చేస్తే కామెంట్లు రావు, అందుకని పాత ప్రాజెక్టుని పారేయకండి.

ఇక ప్రోగ్రామ్‌లో కోత. అక్కడ 32 అనలాగ్ ఛానెళ్లకు (ఉష్ణోగ్రత లాంటి కొలతల ఇన్‌పుట్‌లు) ప్రతి స్కాన్‌లో స్కేలింగ్, అంటే ముడి సంఖ్యని అసలు కొలతగా మార్చే లెక్క, జరుగుతోంది. ట్యాంకు ఉష్ణోగ్రత 40 మిల్లీసెకన్లలో ఏం మారుతుంది? పాత సీపీయూలకు దశాంశాల లెక్క చాలా బరువు. స్కాన్‌కి నాలుగు ఛానెళ్ల చొప్పున పంచాను. 600 అలారాలు వెతికే లూప్‌నీ స్కాన్‌కి 50 చేశాను. ఒకే అనలాగ్ ఇన్‌పుట్‌ని అయిదు చోట్ల నేరుగా చదువుతుంటే, ఒక్కసారి చదివి డేటా బ్లాక్‌లో పెట్టుకోండి. పీఐడీ (ఉష్ణోగ్రత లాంటివాటిని నిలకడగా ఉంచే లెక్క) ఉంటే ఓబీ35లోకి, అంటే నిర్ణీత వ్యవధికోసారి నడిచే బ్లాక్‌లోకి, మార్చండి.

అసలు జాగ్రత్త పడాల్సింది బ్లాకుల్ని అవసరమైనప్పుడే కాల్ చేసే దగ్గర. ట్యాంకులు కడిగే బ్లాక్ రాత్రి ఒక్కసారి పని చేసేది, కాల్ మాత్రం ప్రతి స్కాన్‌లో అయ్యేది. దానికి కండిషన్ పెట్టాను. మంచినీళ్లతో ట్రయల్ వేసి మధ్యలో ఆపితే డ్రెయిన్ వాల్వ్ తెరుచుకునే ఉండిపోయింది. బ్లాక్‌ని కాల్ చేయడం మానేస్తే దాని అవుట్‌పుట్‌లు ఆరిపోవు, ఆఖరుసారి ఎలా ఉన్నాయో అలాగే నిలబడతాయి. అందుకే ఆపే ముందు ఇంకొక్క స్కాన్ నడిపి, దాంట్లో అవుట్‌పుట్‌లన్నీ రీసెట్ చేయాలి. ఎడ్జ్ బిట్లు (సిగ్నల్ మారిన క్షణాన్ని పట్టేవి), టైమర్లు కూడా చూసుకోండి. ఆ రోజు నీళ్లే కాబట్టి సరిపోయింది. కాస్టిక్ (ట్యాంకులు కడిగే ఘాటైన క్షారం) అయితే మనుషుల మీదకొచ్చేది.

కమ్యూనికేషన్ లోడ్ (బయటి కంప్యూటర్లతో మాట్లాడటానికి సీపీయూ సమయంలో ఇచ్చే వాటా) మామూలుగా 20 శాతం ఉంటుంది. అక్కడ ఎవరో 50 పెట్టారు. 20 శాతానికి స్కాన్ ఒకటింపావు రెట్లు దాకా అవుతుంది, 50కి రెట్టింపు దాకా పోతుంది. మళ్లీ 20 చేశాను. స్కాడాలో (లైన్‌ని స్క్రీన్ మీద చూపే కంప్యూటర్ వ్యవస్థ) ఉష్ణోగ్రతలు 100 మిల్లీసెకన్లకోసారి అడుగుతుంటే సెకనుకి మార్చాను.

ఒక్కటి మాత్రం చేయొద్దు. 150 మిల్లీసెకన్ల వాచ్‌డాగ్ (స్కాన్ మించకూడని హద్దు) దాటి సీపీయూ ఆగిపోతోందని దాన్ని 500 చేయకండి. స్కాన్ అలాగే నెమ్మదిగా ఉంటుంది, మీకు తెలియకుండా పోతుంది, అంతే.

అత్యధిక స్కాన్ 26కి దిగింది. మూడు షిఫ్టులు లెక్క సరిపోయింది. ఇప్పుడు లైన్‌ని 400 బాటిళ్లకు పెంచుతామంటున్నారు. అప్పుడు బాటిల్ కనిపించేది 27 మిల్లీసెకన్లే, అందులో ఇన్‌పుట్ ఫిల్టర్ (సిగ్నల్‌లోని అలజడిని వడకట్టేది) ఆలస్యం మరో 3 పోతుంది. ఇక ప్రోగ్రామ్ కోస్తే లాభం లేదు, స్కాన్‌తో సంబంధం లేకుండా తనంతట తానే లెక్కపెట్టే కౌంటర్ మాడ్యూల్ కొనమని రాసిచ్చాను.