బండి మొరాయిస్తే షోరూమా, షెడ్డా, ఇంటి ముందరా?

మూడేళ్ల కింద నా బండి మైలేజ్ ఉన్నట్టుండి పడిపోయింది. లీటరుకు 60 దాటేది 45 కూడా ఇవ్వడం లేదు. హన్మకొండలో ఒక షోరూంలో ఇస్తే ఎయిర్ ఫిల్టర్, ప్లగ్, క్లచ్ ప్లేట్లు మార్చి బిల్లు చేతిలో పెట్టారు. మైలేజ్ మాత్రం మారలేదు. ఆదివారం పొద్దున ఇంటి ముందర సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పి చూశాను. సగం చుట్టు కూడా తిరగకుండా ఆగిపోయింది. బ్రేక్ రాడ్ చివర ఉండే నట్టు మరీ బిగించి ఉంది. రెండు చుట్లు వదులు చేశాను. ఆ వారంలోనే పాత మైలేజ్ వచ్చింది.

అప్పటి నుంచి ముందు లక్షణం చూసి కారణం వెతుకుతాను, ఎవరి దగ్గరికి పోవాలన్నది ఆ తర్వాతే తేల్చుకుంటాను. బండి ఎవరి చేతికిచ్చినా ఈ మొదటి పని మనదే. వారంటీ ఉన్న బండికైతే బుక్కులో రాసిన సర్వీసులన్నీ షోరూంలోనే చేయించి, బిల్లులు దాచుకోండి. గాలి, చైన్ లాంటివి మనం చూసుకుంటే ఆ వారంటీకి ఏమీ కాదు.

మైలేజ్ తగ్గింది, పికప్ లేదు

ఖర్చు లేని కారణాల నుంచి మొదలుపెట్టాలి. మొదట గాలి. బండి నడవకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎంత ఉండాలో వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ మీదో చైన్ కవర్ మీదో స్టిక్కర్ ఉంటుంది. వెనక మనిషి కూర్చుంటే ఎంతో కూడా అందులోనే విడిగా రాసి ఉంటుంది. తర్వాత రెండు చక్రాలూ పైకి లేపి తిప్పి చూడండి. ఎక్కడైనా పట్టేస్తుంటే దొంగ దొరికినట్టే.

మూడోది ఎయిర్ ఫిల్టర్. పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ వైపు తిరిగే బండికి, కరీంనగర్ రోడ్డులో గ్రానైట్ లారీల వెనక పోయే బండికి బుక్కులో రాసినదానికంటే ముందే ఫిల్టర్ నిండిపోతుంది. స్పాంజ్ ఫిల్టరైతే కడిగి, ఆరబెట్టి, కొద్దిగా ఆయిల్ పట్టించి పెట్టవచ్చు. ఆయిల్ పూసిన పేపర్ ఫిల్టరైతే గాలి కొట్టకూడదు, కడగకూడదు, మార్చడమే. స్క్రూడ్రైవర్ పట్టడం వస్తే ఇది పది నిమిషాల పని.

ఇవన్నీ బాగుంటేనే క్లచ్‌ను అనుమానించాలి. కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కేటప్పుడు ఎక్సలేటర్ తిప్పితే ఇంజిన్ అరుపు పెరిగి, స్పీడు మాత్రం పెరగడం లేదంటే క్లచ్ జారుతోంది. ముందు క్లచ్ లీవర్ దగ్గర కొంచెం ఆట, అంటే వదులు, ఉందో లేదో చూడండి. కేబుల్ బిగుతుగా ఉన్నా ఇదే లక్షణం. ఆట సరిగ్గా ఉండి కూడా జారుతుంటే ప్లేట్లు అరిగినట్టే. ఆ పని నమ్మకమైన షెడ్డుకు ఇవ్వండి. పాత ప్లేట్లు మీకు చూపించమని ముందే అడగండి.

చైన్ దగ్గర టకటక చప్పుడు, గేరు వేస్తే కుదుపు

చైన్ వదులైంది, లేదా ఎండిపోయింది. స్ప్లెండర్ లాంటి మూసిన కవర్ ఉన్న బండ్లకు చైన్ చూడటానికి చిన్న రబ్బరు మూత ఉంటుంది. మామూలు బండ్లకు మధ్యలో పైకీ కిందికీ 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. కచ్చితమైన లెక్క మీ బండి బుక్కులో ఉంటుంది. సవరించేటప్పుడు వెనక ఇరుసుకు రెండు వైపులా ఉండే గీతలు సమానంగా ఉండాలి, లేకుంటే చక్రం వంకరగా కూర్చుంటుంది. మరీ బిగిస్తే స్ప్రాకెట్లు (చైన్ తిరిగే పళ్ల చక్రాలు), బేరింగులు తినేస్తుంది. ఇంజిన్ నుంచి తీసిన పాత ఆయిల్ చైన్‌కు పూయకండి, దాంట్లో ఇనుప రజను ఉంటుంది. ఇది పూర్తిగా ఇంటి పని. స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగిపోతే మాత్రం చైన్ సెట్ మొత్తం ఒకేసారి మార్చాలి.

గేర్లు గట్టిగా పడుతున్నాయి, ఇంజిన్ గరగర

ఎక్కువసార్లు కారణం పాత ఆయిల్. బుక్కులో చెప్పిన గ్రేడ్‌తో పాటు డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA) లేదా ఎంఏ2 (MA2) అని, అంటే బైక్ క్లచ్‌కు సరిపోయే ఆయిల్ అనే గుర్తు, ఉందో చూడండి. గేర్ల బండిలో క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. కారు ఆయిళ్లలో జారుడు పెంచే మందులు కలుపుతారు, అవి క్లచ్‌ను జారిపోయేలా చేయగలవు.

మార్చడం కష్టం కాదు. ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు కింది బోల్టు విప్పి, పూర్తిగా కారనిచ్చి, కొత్త వాషర్ వేసి బిగించాలి. మొదటిసారి నేను బలమంతా పెట్టి బిగిస్తే మరలు పోయాయి. ఇంజిన్ అల్యూమినియంది, బోల్టు స్టీలుది, ఓడిపోయేది అల్యూమినియమే. లేత్ షాపులో మళ్లీ మర కొట్టించాల్సి వచ్చింది, ఆయిల్ మార్చిన ఖర్చుకు అది మూడింతలు. టార్క్ రించ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) లేనివాళ్లు మొదటిసారి షెడ్డులో మెకానిక్ అన్న పక్కన నిలబడి, ఎంత బిగిస్తున్నాడో చూసి నేర్చుకోండి. పాత ఆయిల్ మోరీలో పోయకండి, షెడ్డులో ఇచ్చేయండి.

పొద్దున స్టార్ట్ కావడం లేదు

కిల్ స్విచ్, పెట్రోలు, సైడ్ స్టాండ్ ముందు చూడండి. సెల్ఫ్ నొక్కితే టిక్ టిక్ అని, హారన్ సన్నగా వస్తే బ్యాటరీ దిగింది. ఇక్కడే చాలామంది కొత్త బ్యాటరీ కొని డబ్బులు పోగొట్టుకుంటారు. మామూలు మల్టీమీటర్ ఒకటి ఇంట్లో ఉంటే ఆ తప్పు జరగదు. నిండిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. ఇంజిన్ నడుస్తూ ఎక్సలేటర్ కొంచెం ఇచ్చినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. అంత రాకపోతే చార్జింగ్‌లోనే లోపం, కొత్త బ్యాటరీ కూడా కొన్నాళ్లలో చచ్చిపోతుంది. అప్పుడు ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోవాలి.

బ్యాటరీ బాగుంటే ప్లగ్ చూడండి. ఇంజిన్ చల్లారాకే విప్పి, పెట్టేటప్పుడు ముందు చేత్తోనే మర తిప్పి, పానా చివర్లో వాడండి.

మీటర్‌లో పసుపు ఇంజిన్ లైటు ఆరడం లేదు

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 బండ్లలో చాలావాటికి కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. తాళం తిప్పగానే లైటు వెలగడం మామూలే. ఇంజిన్ నడుస్తున్నా వెలుగుతూ ఉంటే ఏదో సెన్సార్ లోపం చెబుతోంది. ఊహించి పార్టులు మార్చకుండా, స్కానర్ పెట్టి కోడ్ చదవాలి. ఇది షోరూం పనే. ఆ కోడ్ జాబ్ కార్డు మీద రాయమని అడగండి.

బ్రేక్ మెత్తగా ఉంది

డ్రమ్ బ్రేక్ నట్టు సవరించడం వరకు మనం చేయవచ్చు. డిస్క్ బ్రేక్ లీవర్ మెత్తగా లోపలికి పోతుంటే గాలి చేరింది, లేదా ఫ్లూయిడ్ పాతబడింది. ఆ ఫ్లూయిడ్ గాలిలో తేమను పీలుస్తుంది, అందుకే సాధారణంగా రెండేళ్లకోసారి మార్చమంటారు. ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రం పట్టేయకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండిదైతే ఇంట్లో ముట్టుకోవద్దని బతిమాలి చెబుతున్నాను. ఇక్కడ తప్పు జరిగితే అది బిల్లుతో పోదు.

బండి వరద నీళ్లలో మునిగింది

2023 జూలై వానలకు వరంగల్, హన్మకొండ కాలనీల్లో నీళ్లు నిలిచినప్పుడు ఎన్నో బండ్లు పాడయ్యాయి. చాలావాటికి ఆశ కొద్దీ వెంటనే సెల్ఫ్ కొట్టడమే దెబ్బ. సిలిండర్‌లో చేరిన నీళ్లు అణగవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కాబట్టి తాళం కూడా తిప్పకండి, వీలైతే బ్యాటరీ టెర్మినల్ తీసేయండి. నీళ్లు ఎంతవరకు వచ్చాయో తెలిసేలా ఫోటోలు తీయండి.

ఇన్సూరెన్స్ ఫుల్ పాలసీ అయితే ఏదీ విప్పకముందే కంపెనీకి ఫోన్ చేసి, ట్రాలీలో షోరూంకు పంపండి. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే క్లెయిమ్ రాదు, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా షెడ్డుకు తోసుకుపోండి. ప్లగ్ విప్పి, నీళ్లు బయటికి కొట్టించి, ట్యాంకు ఖాళీ చేయించాలి. ఆయిల్ చాయ్ రంగులో తెల్లగా వస్తే కొత్తది పోసి కాసేపు నడిపి మళ్లీ మార్చాలి. రెండోసారి తీసిన ఆయిల్‌లో కూడా తెలుపు కనిపిస్తే మూడోసారి మార్పించి, అప్పుడే బండి ఇంటికి తెచ్చుకోండి.