టిష్యూ కాగితం తయారీ పద్ధతిపై పేటెంట్ ఉల్లంఘన నోటీసు వస్తే

ముందు పేటెంట్ నంబరు చూసి అది ఏ దేశానిదో తేల్చుకోండి. అమెరికా పేటెంట్ మన దేశంలో చెల్లదు. కానీ అక్కడికి సరుకు పంపుతుంటే చిక్కే: పేటెంట్ పద్ధతిలో తయారైన వస్తువును దిగుమతి చేసుకోవడం కూడా అక్కడ ఉల్లంఘనే. భారత పేటెంట్ అయితే పేటెంట్ ఆఫీసు సైట్‌లో నంబరు కొట్టి, ఏటా కట్టాల్సిన రుసుము కట్టారో లేదో చూడండి. గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు.

తర్వాత క్లెయిములు, అంటే పేటెంట్ దేనిపై హక్కు కోరుతోందో చెప్పే వాక్యాలు. శీర్షిక, బొమ్మలు కాదు, క్లెయిమ్ 1 ముఖ్యం. దాన్ని అంచెలుగా విడగొట్టి, ఒక్కో అంచె పక్కన మీ మెషీన్‌లో జరిగేది రాయండి. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌కు 1967లో వచ్చిన శాన్‌ఫర్డ్-సిసన్ అమెరికా పేటెంట్ చూడండి: తడి షీటును గట్టిగా నొక్కకుండా వేడిగాలితో ఆరబెట్టి, షీటు బరువులో నార 30-80 శాతానికి చేరాక (మిగతాది నీరు) దాన్ని మోసే జాలీ అల్లిక ముడుల అచ్చు వేయాలి. మామూలు మెషీన్‌లో ఫెల్ట్ (మందపాటి పీల్చే బట్ట) మీద షీటును యాంకీ డ్రైయర్‌కు (ఆవిరితో వేడెక్కే పెద్ద సిలిండర్) నొక్కి నీళ్లు పిండేస్తారు. ఆ ఒక్క అంచెతోనే దారి వేరవుతుంది. గడువు తీరిన ఇలాంటి పాత పేటెంట్లు, ఆ పద్ధతి కొత్తది కాదని చూపి, కొత్తవాటిని సవాలు చేయడానికి కూడా పనికొస్తాయి. అయితే అంకె కాస్త మార్చాం కదా అని ధీమా పడొద్దు. పద్ధతి సారం ఒకటే అయితే కోర్టు ఉల్లంఘన కిందే లెక్కేయొచ్చు.

క్లెయిమ్‌లో మందం, బలం అంకెలుంటే ఆ పేటెంట్ చెప్పిన పరీక్షతోనే కొలవాలి. శాంపిళ్లను 23 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న గదిలో సర్దుకోనివ్వండి. వానాకాలం షెడ్డులో కొలిస్తే కాగితం తేమ పీల్చుకుని బలం తగ్గిపోతుంది.

నోటీసు వచ్చిన రోజే షీటు ఏర్పడే వైర్ వేగాలు, యాంకీకి ముందు తేమ, కెమికల్ మోతాదుల లాగ్‌ను బ్యాకప్ తీయండి. చాలా కంట్రోల్ సిస్టమ్‌లు పాత డేటా మీదే కొత్తది రాసేస్తాయి. జాలీ కొన్న బిల్లులు, తేదీ వేసిన రోల్ శాంపిళ్లు దాచండి. ఎందుకంటే భారత పేటెంట్ల చట్టం సెక్షన్ 104ఎ కింద, మీ సరుకు పేటెంట్ పద్ధతి సరుకూ ఒకటేనని అవతలివాళ్లు ముందు నిరూపిస్తే, మీ పద్ధతి వేరని మీరే చూపాలని కోర్టు ఆదేశించవచ్చు. వ్యాపార రహస్యాలను బయటపెట్టకుండా కాపాడమని అడిగే వీలూ అందులోనే ఉంది.

జంబో రోల్స్ (మిల్లు నుంచి వచ్చే పెద్ద టిష్యూ చుట్టలు) దిగుమతి చేసుకుని న్యాప్కిన్లు కోసేవాళ్లూ తప్పించుకోలేరు. సెక్షన్ 48 ప్రకారం ఆ పద్ధతిలో నేరుగా తయారైన వస్తువు దిగుమతి, అమ్మకం రెండూ పేటెంట్‌దారు హక్కులే. కొనుగోలు ఒప్పందంలో నష్టభర్తీ మిల్లుదేనని రాయించుకోండి.

నోటీసుకిచ్చే జవాబులో మాత్రం మీ పద్ధతిని వర్ణించకండి. ‘మేం ఇంత శాతం దగ్గరే ఆరబెడతాం’ అన్న ఒక్క వాక్యం రేపు మీమీదే సాక్ష్యమవుతుంది. భారత పేటెంట్ మంజూరును ప్రచురించి ఏడాది దాటకపోతే పేటెంట్ ఆఫీసులో వ్యతిరేకత దాఖలు చేయొచ్చు, దాటితే సెక్షన్ 64 కింద రద్దు కోరాలి.