పేపర్ పంపే ముందు ఐఎస్‌ఎస్‌ఎన్ చూసుకోండి

మా చెల్లెలు ఎచ్చెర్లలో పీహెచ్‌డీ చేస్తోంది. ఉద్దానం జీడితోటల్లో రెండేళ్లు తిరిగి ఒక పరిశోధన పేపర్ రాసింది. అది పూర్తయిందో లేదో, వాట్సాప్‌లో మెసేజ్: స్కోపస్ (పరిశోధన జర్నళ్ల పెద్ద డేటాబేస్)లో ఉన్న జర్నల్, 3 రోజుల్లో అచ్చు, ఫీజు ముందే కట్టాలి. అచ్చు వేసే ముందు నిపుణులు చదవాలి కదా, 3 రోజుల్లో ఎవరు చదివి అభిప్రాయం రాస్తారండీ!

ఇలాంటివి వస్తే వాళ్లిచ్చిన లింకు నొక్కకండి. జర్నల్‌కు ఉండే 8 స్థానాల ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరుతో స్కోపస్ సోర్సెస్ పేజీలో మీరే వెతకండి. ఉచితమే. పేరు కనబడగానే సంబరపడిపోవద్దు, పక్కనే ఉన్న కవరేజ్ సంవత్సరాలు, అంటే ఆ జర్నల్ పేపర్లను స్కోపస్ ఏయే ఏళ్లలో చేర్చుకుందో చూడండి. ఎప్పుడో 2019తో ఆగిపోయి ఉంటే మీ పేపర్ అందులోకి ఎక్కదు. పబ్లిషర్ పేరు కూడా సరిపోవాలి. మంచి జర్నళ్ల పేరు, నంబరు వాడుకుని నకిలీ సైట్లు పెట్టేవాళ్లున్నారు. మా చెల్లెలికి వచ్చింది అదే బాపతు.

"యూజీసీ కేర్ లిస్టులో (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ మంచి జర్నళ్లకు పెట్టిన జాబితా) ఉంది" అని ఎవరైనా ఇప్పటికీ ఊరిస్తుంటే, ఆ లిస్టునే యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఆపేసిందని చెప్పండి.

అన్నట్టు, టెన్షన్‌లో ఒకే పేపర్‌ను రెండు జర్నళ్లకు ఒకేసారి పంపకండి. తెలిస్తే రెండూ తిప్పి కొడతాయి.