సెల్స్ కారిన పాత ల్యాప్‌టాప్‌కి రెండు చుక్కల వెనిగర్

1993 నాటి హెచ్‌పీ ఆమ్నిబుక్ 300 నాలుగు ఏఏ సెల్స్‌తో కూడా నడుస్తుంది, బరువు 1.3 కిలోలే. అందుకే నాకు అదంటే ప్రాణం. ఇలాంటి వాటిలో సెల్స్ తీయడం మర్చిపోతే అవి కారి, స్ప్రింగుల మీద తెల్లగా పెచ్చు కడుతుంది. ఇక మెషిన్ ఆన్ కాదు.

సెల్స్ తీసేసి, గ్లవ్స్ వేసుకుని, ఇయర్ బడ్‌కి రెండు చుక్కల తెల్ల వెనిగర్ అద్ది మెల్లగా రుద్దండి. బుసబుసమని సన్నటి నురగ వస్తుంది. అది ఆగాక 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇంకో బడ్‌తో తుడిచి, గంటసేపు ఆరాకే కొత్త సెల్స్ వేయండి. స్ప్రింగు మళ్లీ మెరుస్తుంటే ఎంత హాయిగా ఉంటుందో!

వెనిగర్ నేరుగా పోయొద్దు. పెచ్చు లోపలి బోర్డు దాకా పాకితే మాత్రం ఇది పనిచేయదు, విప్పి శుభ్రం చేయాల్సిందే.