'ది వార్ గేమ్'ను పరిశీలనగా చూడడం ఎలా

అణుదాడిని చిత్రించిన డాక్యుడ్రామాలో, అంటే డాక్యుమెంటరీలా కనిపించేలా నటింపజేసి తీసిన చిత్రంలో, ఎంత వాస్తవం, ఎంత కల్పన అని తేల్చుకోవాలనుకునేవారు పీటర్ వాట్కిన్స్ 1965లో బీబీసీ టెలివిజన్ కోసం తీసిన 'ది వార్ గేమ్'తో మొదలుపెట్టడం మంచిది. నలుపు తెలుపుల్లో ఉన్న ఈ చిత్రం గంటలోపే ముగుస్తుంది కాబట్టి, మొదటిసారి ఎక్కడా ఆపకుండా చూసి, కనీసం ఒక రోజు వ్యవధినిచ్చి, రెండోసారి కాగితం, కలం దగ్గర పెట్టుకుని చూడాలి. చిన్నపిల్లలను కూర్చోబెట్టుకుని చూడదగిన చిత్రం కాదిది.

చూసేముందు దీని చరిత్ర కొంత తెలిసి ఉండాలి. ప్రసారానికి తగనంత భయానకంగా ఉందంటూ బీబీసీ 1965లోనే దీనిని పక్కన పెట్టింది. మరుసటి ఏడాది సినిమా హాళ్లలో పరిమితంగా విడుదలై, ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ అందుకున్నా, బ్రిటన్ టెలివిజన్ తెరపైకి రావడానికి 1985 దాకా ఆగవలసి వచ్చింది. ఎన్నడూ జరగని దాడికి డాక్యుమెంటరీ బహుమతి రావడం విచిత్రమే.

రెండోసారి చూసేటప్పుడు కాగితాన్ని మూడు గడులుగా విభజించి, చరిత్రలో జరిగినవాటిని మొదటి గడిలో, ఎవరో నిజంగా అన్న మాటలను రెండో గడిలో, కేవలం ఊహించినవాటిని మూడో గడిలో రాసుకోవాలి. అసలు చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతపు వీధుల్లో కెమెరా వణుకుతూ, మనుషుల వెంట పరుగెత్తుతూ చూపించే దృశ్యాలు అచ్చంగా వార్తాచిత్రంలా కనిపిస్తాయి కానీ, అవన్నీ వృత్తినటులు కాని స్థానికులతో నటింపజేసినవి. మరోవైపు, కృత్రిమమైన వెలుతురులో కూర్చుని అణ్వస్త్రాలను సమర్థించే బిషప్పు, యుద్ధవ్యూహ నిపుణుడు నటులేనని ఇట్టే తెలిసిపోతుంది. అయితే వారి నోట పలికించిన మాటలకు ఆధారం అప్పట్లో బాధ్యత గల వ్యక్తులు నిజంగా అన్నవే. కాబట్టి దృశ్యం నిజంలా కనిపిస్తోందా లేదా అన్నదానిని బట్టి గడి నిర్ణయించకూడదు.

మృతులను గుర్తించడం కోసం వారి వేళ్ల నుంచి తీసిన పెళ్లి ఉంగరాలు బకెట్లో పోగుపడి ఉన్న దృశ్యం దగ్గర తప్పక ఆపాలి. ఆ బకెట్టు, ఆ ఊరు, ఆ మృతులు కల్పితం. కానీ రెండో ప్రపంచయుద్ధంలో భారీ బాంబుదాడుల తరువాత జర్మనీలో ఇటువంటివి జరిగాయి. డ్రెస్డెన్, హాంబర్గ్ నగరాల అనుభవాలను వాట్కిన్స్ శ్రద్ధగా అధ్యయనం చేశారు. ఇటువంటి దృశ్యాన్ని మొదటి గడిలోనూ మూడో గడిలోనూ రాసి, రెండింటినీ ఒక గీతతో కలపడమే సరైన పద్ధతి. గాలినంతటినీ లోపలికి లాగేసుకునే అగ్నితుపాను దృశ్యానికీ ఇదే వర్తిస్తుంది.

వియత్నాం, బెర్లిన్ ఉద్రిక్తతల నుంచి యుద్ధం పుట్టే క్రమం మాత్రం పూర్తిగా మూడో గడిలోకే పోతుంది. దానిపై ఎక్కువ సమయం వెచ్చించనక్కర్లేదు.

ఈ కసరత్తు అలవాటైన తరువాత, షెఫీల్డ్ నగరం నేపథ్యంగా బీబీసీ 1984లో ప్రసారం చేసిన మరో అణుదాడి చిత్రం 'థ్రెడ్స్'కు ఇదే పద్ధతిని వర్తింపజేయవచ్చు. అందులో కథ దాడి తరువాత ఏళ్ల తరబడి సాగుతుంది కాబట్టి మూడో గడికి మరింత చోటు వదులుకోవాలి.