సలోన్ ఫొటోగ్రఫీ – మూడవ పాఠం: బిరుదుకు ముందు ఖాతా పుస్తకం

క్రిందటి పాఠంలో చిత్రాన్ని సలోన్‌కు, అంటే ఫొటోల పోటీ ప్రదర్శనకు, సిద్ధం చేయడం నేర్చుకున్నాము. ఎంపికైన చిత్రాలు ఫొటోగ్రాఫర్ పేరు పక్కన ఏఎఫ్ఐఏపీ (ఆర్టిస్ట్ ఫియాప్ బిరుదు) అనే అక్షరాలుగా ఎలా మారతాయో ఈసారి చూద్దాము.

1950లో ఏర్పడిన అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య ఫియాప్ ఈ తొలి మెట్టు బిరుదును పతకాలు చూసి ఇవ్వదు. యాక్సెప్టెన్సులు, అంటే చిత్రం సలోన్‌లో ఎంపికైన సందర్భాలు, లెక్కపెట్టి ఇస్తుంది. ఫియాప్ ప్యాట్రనేజ్ (అధికారిక గుర్తింపు) ఉన్న సలోన్లలో కనీసం ఏడాదిపాటు పాల్గొని, 8 దేశాలలో, 15 సలోన్లలో, 15 వేర్వేరు చిత్రాలతో 40 యాక్సెప్టెన్సులు సంపాదించాలన్నది స్థూలంగా లెక్క. నియమాలను అప్పుడప్పుడు సవరిస్తుంటారు కనుక దరఖాస్తు చేసే ఏడాది నియమావళిని తప్పక చదవాలి. మన దేశంలో దరఖాస్తు ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫొటోగ్రఫీ ద్వారా వెళుతుంది.

ఈ లెక్కలో కొత్తవారు గమనించనిది ఆ 15 వేర్వేరు చిత్రాలు అనే అంకె. ఒకే చిత్రం పది సలోన్లలో నెగ్గినా చిత్రాల లెక్కలో అది ఒక్కటే. ముద్దుబిడ్డలాంటి ఒక్క ఫొటోనే ఊరూరా తిప్పేవారికి యాక్సెప్టెన్సులు నిండుతాయి గాని చిత్రాలు చాలవు. కాబట్టి పాతిక చిత్రాలైనా చేతిలో లేనిదే ఎంట్రీ ఫీజులు కట్టడం మొదలుపెట్టవద్దని నా సలహా.

ఇక శీర్షిక. ఒక చిత్రానికి ఒకసారి పెట్టిన పేరే చివరిదాకా ఉండాలి. కలర్‌లో పంపినదాన్నే మోనోక్రోమ్‌గా మార్చి పంపినా అది కొత్త చిత్రం కాదు. గుంటూరు దగ్గర మిరపకాయలు ఆరబోస్తున్న ఒక అవ్వ ఫొటోను నేను కలర్‌లో ‘ఎర్ర కళ్లం’ అనీ, నలుపు తెలుపులో ‘ఎండ’ అనీ పంపి, రెండు చిత్రాలుగా రాసుకున్నాను. దరఖాస్తు నింపే రోజున నా 15 కాస్తా 14 అయింది. ఆ ఒక్కదాని కోసం మరికొన్ని నెలలు ఆగవలసి వచ్చింది. తప్పు పూర్తిగా నాదే.

కొలతల విషయంలోనూ జాగ్రత్త అవసరం. చాలా సలోన్లు 1920 అడ్డం, 1080 నిలువు పిక్సెళ్ల హద్దు పెడతాయి. 2:3 నిష్పత్తిలో తీసిన నిలువు చిత్రం అందులో ఇమిడేసరికి 720 పిక్సెళ్ల వెడల్పే మిగులుతుంది. జడ్జీలు తెర మీద దాన్ని చూసేది కొన్ని క్షణాలే. అలా కుదించిన నా ఫొటోలో అవ్వ ముఖంలోని ముడతలు నిలిచాయి గాని, కళ్లంలో కాయలు మాత్రం ఎర్రటి మరకలా కలిసిపోయాయి. అందుకే ఆ కొలతకు కుదించిన తరువాతే షార్ప్‌నెస్ చూసుకోవాలి.

ఎంపికైన ప్రతి చిత్రం రా ఫైలును (కెమెరాలో నమోదైన అసలు ఫైలును) కూడా భద్రపరచండి. అనుమానం వస్తే అడుగుతారు. నేచర్ విభాగంలోనైతే కొమ్మనో తీగనో చెరిపేయడమే అనర్హతకు చాలు.

ఈ వారం అభ్యాసం: ఎక్సెల్‌లో చిత్రం శీర్షిక, సలోన్ పేరు, దేశం, సంవత్సరం, ప్యాట్రనేజ్ సంఖ్య అనే ఐదు గడులు గీసి, ఇప్పటిదాకా పంపినవన్నీ, తిరస్కరించినవి కూడా, రాయండి. వచ్చే పాఠం ప్రింట్ విభాగం గురించి.