మృగశిరకు ముందు పాత కంప్యూటర్ విప్పేవాళ్లకు

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ. జూన్ 8 ప్రాంతంలో మృగశిర, ఆ వెంటనే బడులు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఇళ్లలో ఎండాకాలమంతా పాత చీర కప్పుకుని మూలన ఉన్న కంప్యూటర్‌ను దులిపేది ఈ రోజుల్లోనే. స్విచ్ వేస్తే హార్డ్‌డిస్క్ లేదంటుంది, లేదా డీవీడీ డ్రైవ్ మాయమవుతుంది, లేదా స్పీకర్లు మూగబోతాయి. వెంటనే ఇంట్లో ఎవరో ఒకరు స్క్రూడ్రైవర్ తెస్తారు. కనిపించకపోవడం వేరు, చెడిపోవడం వేరు. పదేళ్లు దాటిన యంత్రం ఏదో ఒక భాగాన్ని గుర్తించకపోవడం మామూలు సంగతే; దాన్ని నిజంగా ముంచేది ఆ తర్వాత మనం చేసే హడావిడి.

ముందు ఫైళ్ల సంగతి చూడాలి. పాత కంప్యూటర్‌లో పెళ్లి ఫొటోలుంటాయి, పిల్లల మార్కుల మెమోల స్కాన్లుంటాయి, పాసుపుస్తకం, పాత పహాణీల కాపీలుంటాయి. యంత్రం విలువ రెండు మూడు వేలు కూడా ఉండకపోవచ్చు, ఈ కాగితాలకు మాత్రం వెల కట్టలేం. కంప్యూటర్ ఏ కాస్త తెరుచుకున్నా, సౌండ్ రాకపోయినా, డీవీడీ కనిపించకపోయినా, ముందు వాటిని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. మరమ్మతు ఆ తర్వాత.

డిస్క్ కనిపించినట్టే కనిపించి, వాడాలంటే ఫార్మాట్ చేయమని విండోస్ అడిగితే క్యాన్సిల్ నొక్కండి. విండోస్‌లో డిస్కులన్నీ చూపించే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచినప్పుడు ఇనిషియలైజ్ (కొత్తగా సిద్ధం) చేయమని అడిగినా అంతే. ఆ ప్రశ్న కొత్త డిస్కుల కోసం పెట్టింది. పాత డిస్కు మీద ఒప్పుకుంటే లోపలి విభాగాల పట్టిక చెరిగిపోతుంది. ఇక డిస్క్ లోపలి నుంచి టక్... టక్... అని ఒకే తీరుగా చప్పుడు వస్తుంటే అది చాలావరకు కేబుల్ సమస్య కాదు. చదివే హెడ్ తన చోటు వెతుక్కోలేక తిప్పలు పడుతోందన్నమాట. మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడడం వల్ల లోపల ఫైళ్లు రాసి ఉండే పళ్లెం మీద గీతలు పడే ప్రమాదం పెరుగుతుంది. ఆపేయండి. అందులోని ఫైళ్లు నిజంగా కావాలంటే డేటా రికవరీ చేసేవాళ్లకే ఇవ్వాలి. ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందనే చిట్కా ఇంకా చెబుతుంటారు. ఆ పని చేయకండి, లోపల తేమ చేరుతుంది.

ఇప్పుడు కరెంటు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన వైపు సగం గొడవలకు మూలం ఇక్కడే ఉంది. చెప్పులు లేకుండా నిలబడి క్యాబినెట్ వెనక ఇనుప స్క్రూను తాకితే వేలికి జివ్వుమంటుందా? టెస్టర్ పెడితే దీపం వెలుగుతుందా? వెలిగితే మీ ఇంటి ఎర్తింగ్ ఆ యంత్రం దాకా రావడం లేదని అర్థం. కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా, అంటే ఎస్‌ఎంపీఎస్ లోపల చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. అవి ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కూర్చుని, కరెంటుతో వచ్చే గోలను (నాయిస్) ఎర్త్‌లోకి పంపుతాయి. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ మొత్తం 230 వోల్టుల్లో దాదాపు సగం మీద తేలుతూ ఉంటుంది. పారే కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషికి జివ్వుమనడంతో సరిపోతుంది. అదే సమయంలో ప్రింటర్‌నో, టీవీ కేబులునో గుచ్చితే ఆ వోల్టేజీ తేడా అంతా పోర్టు గుండా దూకుతుంది. యూఎస్‌బీ పోర్టులు ఒకదాని తర్వాత ఒకటి పోవడానికి ఇదొక కారణం.

ఎర్త్ ఎక్కడ తెగింది? చాలాసార్లు ఎక్స్‌టెన్షన్ బాక్సులో. మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక తీగ ఉండదు. లేదా గోడ దగ్గర టూపిన్ ప్లగ్ పెట్టి ఉంటారు. అక్కడ బాగుంటే ఎర్త్ గుంత దగ్గరికి వెళ్లాలి. మనది బండలూ చల్క నేలలూ ఉన్న ప్రాంతం. ఏప్రిల్, మే నెలల్లో గుంతలోని ఉప్పూ బొగ్గూ ఎండిపోయి, పైపు ఊరికే నిలబడి ఉంటుంది. చెంబెడు నీళ్లు చాలవు, బిందెలకు బిందెలు పోయాలి. ఆ తర్వాత ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పరీక్ష చేయించండి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి చూసే పని మీరు చేయొద్దు.

క్యాబినెట్ విప్పేటప్పుడు ప్లగ్ సాకెట్‌లోనే ఉంచి స్విచ్ మాత్రం ఆపేయాలని, అలా ఎర్త్ తగులుతూ ఉంటుందని చాలామంది సలహా ఇస్తారు. ఎర్త్ ఉన్న ఇంటికి ఆ మాట సరే. వైరింగ్ తారుమారైన ఇళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. అలాంటి చోట స్విచ్ న్యూట్రల్‌ను ఆపుతుంది, ఫేజ్ అలాగే లోపలికి వస్తూ ఉంటుంది. అందుకే ప్లగ్ పూర్తిగా పీకండి. పీకాక పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోండి, లోపలి పెద్ద బోర్డు (మదర్‌బోర్డు) మీద చిన్న దీపం ఉంటే ఆరిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తెరవకండి. అందులోని పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలవ ఉంటుంది, ప్లగ్ తీసినా కొంతసేపు అలాగే ఉండొచ్చు. వెనక ఎర్రటి చిన్న స్విచ్ ఉన్న పాత రకమైతే అది 230 మీదే ఉందో లేదో చూడండి. పిల్లలు పెన్నుతో 115 వైపు నెట్టేసి ఉంటే, ఆన్ చేసిన క్షణంలోనే ఢామ్మంటుంది.

పని పెట్టుకునే వేళ కూడా ముఖ్యమే. ఈ రోజుల్లో పగలంతా ఉడికించి, సాయంత్రానికి ఈదురుగాలి, ఉరుములు, మెరుపులు. కాబట్టి విప్పడం, బిగించడం, ఆన్ చేసి చూడడం పొద్దున్నే ముగించండి. ఉరుము వినిపిస్తే ప్లగ్ ఒక్కటే పీకితే చాలదు. రౌటర్ నుంచి వచ్చే నెట్ తీగనూ తీయాలి. ఇంటికి ఫైబర్ వచ్చినా రౌటర్ నుంచి కంప్యూటర్ దాకా ఉండేది రాగి తీగే. పిడుగు దూరంగా పడినా ఆ తీగ గుండా వచ్చే పోటుకు నెట్‌వర్క్ చిప్ పోతుంది, మరునాడు "నెట్‌వర్క్ అడాప్టర్ లేదు" అని చూపిస్తుంది. స్పైక్ బస్టర్ ఉందిగా అనుకోవద్దు. చిన్నచిన్న పోటులను మింగి మింగి దాని లోపలి భాగం అరిగిపోతుంది, పైన దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. గాలికి స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగితే ఇంకా ప్రమాదం: ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు. బల్బులు ఒక్కసారిగా మామూలుకన్నా తెల్లగా వెలిగితే ఆలోచించకుండా మెయిన్ ఆపేయండి.

ఎండ పొడిగా ఉన్నన్నాళ్లూ ఒంట్లో స్థిరవిద్యుత్ పేరుకుంటుంది. మనకు చిటుక్కుమని తెలిసేసరికే అది వేల వోల్టులు. చిప్పులకు అంతకన్నా చాలా తక్కువే చాలు. నైలాన్, పాలిస్టర్ బట్టలు వద్దు, నూలువి వేసుకోండి. ప్లాస్టిక్ కుర్చీ, తివాచీ వదిలి బండల నేల మీద కూర్చోండి. ప్రతి భాగాన్నీ తాకే ముందు క్యాబినెట్ ఇనుమును ఒకసారి తాకండి, భాగాన్ని అంచులు పట్టుకుని తీయండి.

స్క్రూ విప్పే ముందు ఇంకో పని ఉంది, దీన్ని దాటేసేవాళ్లే ఎక్కువ. ఆన్ చేస్తూనే డిలీట్ గానీ ఎఫ్2 గానీ కొడుతూ బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే బోర్డు సొంత సెట్టింగుల తెరలోకి వెళ్లండి. యూఎస్‌బీ కీబోర్డు అక్కడ స్పందించకపోతే పాత గుండ్రటి పిన్నుల కీబోర్డు కావాలి. దాన్ని కంప్యూటర్ ఆపాకే తగిలించాలి, నడుస్తుండగా గుచ్చితే ఆ పోర్టే పోవచ్చు. డిస్కు పేరు బయోస్‌లో కనిపిస్తే చాలావరకు తీగలు బాగున్నట్టే, లోపం విండోస్ వైపు. అక్కడా లేకపోతేనే క్యాబినెట్ విప్పే పని. బయోస్‌లో ఉన్న డిస్కు కోసం తీగలన్నీ పీకి పెడితే ఒక సమస్య మూడవుతుంది.

బయోస్‌లో తేదీ చూడండి. పదిహేనేళ్ల వెనక్కి పోయి ఉంటే బోర్డు మీది నాణెం లాంటి బ్యాటరీ అయిపోయింది. దాని పేరు సీఆర్ 2032, 3 వోల్టులది, గడియారాల దుకాణంలో కూడా దొరుకుతుంది. మూలన పడి ఉన్న యంత్రంలో మొదట అయిపోయేది ఇదే, ఎందుకంటే ప్లగ్ తీసి ఉంచినన్నాళ్లూ గడియారాన్ని నడిపే భారమంతా దీని మీదే. అది పోతే సెట్టింగులన్నీ కంపెనీ పెట్టినవాటికి తిరిగి వెళ్తాయి. అందులో సాటా మోడ్ అనేదొకటి, డిస్కుతో బోర్డు ఏ పద్ధతిలో మాట్లాడాలో చెప్పేది. అది ఐడీఈ అనే పాత పద్ధతి నుంచి ఏహెచ్‌సీఐ అనే కొత్తదానికి గానీ, అటు నుంచి ఇటు గానీ మారితే విండోస్ 7 నీలి తెర చూపించి, చివర 7బీ అని రాసి ఆగిపోతుంది. డిస్కు బాగానే ఉంటుంది, ఫైళ్లన్నీ ఉంటాయి. దాన్ని చూసి విండోస్ పోయిందని ఫార్మాట్ కొట్టించుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ మోడ్‌ను రెండోదానికి మార్చి చూడండి, చాలాసార్లు అంతటితో తెరుచుకుంటుంది. యంత్రం బాగా నడుస్తున్న రోజునే బయోస్ తెరలన్నిటినీ ఫోనుతో ఫొటో తీసి పెట్టుకుంటే ఈ వెతుకులాటే ఉండదు.

విప్పాక కూడా ముందు ఫొటోనే. ఏ తీగ ఎక్కడుందో కనిపించేలా తీయండి. డిస్కును బోర్డుకు కలిపే సాటా డేటా తీగ సన్నగా ఉంటుంది, ఏడు కొనలది. పవర్ తీగ వెడల్పుగా, పదిహేను కొనలది. రెండిటి మూతీ ఎల్ ఆకారంలో ఉంటుంది కాబట్టి ఒక వైపే ఎక్కుతుంది, బలవంతం చేస్తే ప్లాస్టిక్ నాలుక విరుగుతుంది. డేటా తీగను ఒకసారి తీసి పెట్టడంతోనే చాలా కేసులు తేలిపోతాయి. తేలకపోతే వేరే తీగ, తర్వాత బోర్డు మీద వేరే పోర్టు. ఇంకా పాత, పట్టీలా వెడల్పైన ఐడీఈ తీగైతే ఎర్రగీత ఉన్న అంచు ఒకటో పిన్ను. నీలం మూతి బోర్డుకు, చివరి నలుపు మాస్టర్‌కు (మొదటి డ్రైవ్‌కు), మధ్యలోని బూడిదరంగు స్లేవ్‌కు (రెండోదానికి). డిస్కు, డీవీడీ రెండూ ఒకే పట్టీ మీదుండి, రెండిటి వెనక జంపర్లూ (పిన్నుల మీది చిన్న ప్లాస్టిక్ మూతలు) మాస్టర్ అని పెట్టి ఉంటే ఒకటో రెండో కనిపించకుండా పోతాయి. ముందువైపు యూఎస్‌బీ తీగను తిరిగి పెట్టేటప్పుడు బోర్డు మీద అక్షరాలు చదవండి. పక్కనే ఫైర్‌వైర్ అనే అచ్చం అలాంటి పిన్నుల వరుస ఉండొచ్చు. అందులో పెడితే తర్వాత గుచ్చిన పెన్‌డ్రైవ్ 12 వోల్టులకు కాలిపోతుంది.

తెర నల్లగానే ఉండి బీప్ కూతలు వినిపిస్తే ర్యామ్‌ను (మెమరీ పట్టీని) అనుమానించండి. దాన్ని తీసి, బంగారు రంగు అంచును మెత్తటి తెల్ల రబ్బరుతో బోర్డుకు దూరంగా తుడిచి, పొడి బట్టతో పొట్టు దులిపి పెట్టండి. డీడీఆర్2, డీడీఆర్3 అనే ర్యామ్ రకాలు రెండిటికీ 240 కొనలే, కానీ గాడి వేరే చోట ఉంటుంది. ఎక్కడం లేదంటే నొక్కకండి.

దుమ్ము గురించి ఒక్క మాట. మిర్యాలగూడలో మిల్లుల దగ్గరి ఇళ్లలో ఊకదుమ్ము, పాలమూరు వైపు ఎర్రమన్ను. ఎండలో అది ఊరికే పడి ఉంటుంది, వాన మొదలయ్యాక తేమ పీల్చి పిన్నుల మధ్య కరెంటుకు దారి ఇస్తుంది. అందుకే వానలకు ముందే, ఆరుబయట, మెత్తటి కుంచెతో దులపండి. బ్లోయర్ కొడితే ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకోండి. తడిబట్ట అసలే వద్దు. వెనక ఖాళీ స్లాట్లకు మూతలు లేకపోతే బిగించండి, వానలకు బల్లులూ చీమలూ వెచ్చగా ఉండే ఆ చోటికే చేరతాయి. దులిపేటప్పుడు బోర్డు మీది చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్ల తలలు చూడండి. ఉబ్బి ఉంటే, గోధుమరంగు జిగురు కారి ఉంటే, ఇంట్లో చేయగలిగింది అంతటితో అయిపోయింది.

లోపం విండోస్ వైపుంటే పని సులువు. విండోస్‌లో భాగాలన్నిటి జాబితా చూపించే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు మీద రెండుసార్లు నొక్కితే కోడ్ కనిపిస్తుంది. 28 అంటే ఆ భాగాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్ లేదని. హార్డ్‌వేర్ ఐడీలో వెండర్ (తయారీదారు) సంఖ్య 8086 అయితే ఇంటెల్, 10ఈసీ అయితే రియల్‌టెక్. ఆ కంపెనీ సైటులో గానీ బోర్డు తయారీదారు సైటులో గానీ వెతకండి. అన్ని డ్రైవర్లూ ఒకేసారి ఇస్తామనే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి పోకండి. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న ఆగిపోయింది, ఏ చెత్త లోపలికి వచ్చినా అడ్డుకునేవాళ్లు లేరు. లోపమే లేని కొన్ని "కనిపించకపోవడాలు" కూడా ఉన్నాయి: 32 బిట్ విండోస్‌లో 4 జీబీ ర్యామ్ పూర్తిగా చూపించదు, పాత కార్డ్ రీడర్ 2 జీబీకి మించిన మెమరీ కార్డును చదవదు, 32 బిట్ ఎక్స్‌పీ 2 టీబీని మించిన డిస్కును వాడుకోలేదు. వీటి కోసం ఏ భాగాన్నీ మార్చనక్కరలేదు.

దుకాణానికి తీసుకెళ్లాల్సి వస్తే హార్డ్‌డిస్క్ సీరియల్ నంబరును ఫొటో తీసుకుని వెళ్లండి, ఫైళ్లు ముట్టుకోవద్దనే మాటను రసీదు మీద రాయించండి. మార్చిన పాత భాగాన్ని అడిగి తెచ్చుకోండి. డీడీఆర్2 ర్యామ్, ఐడీఈ డిస్కు లాంటివి జిల్లా కేంద్రంలో దొరక్కపోతే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) సెకండ్ హ్యాండ్‌వి అడగొచ్చు. పాత ముక్కను వెంట తీసుకెళ్లి, అక్కడే యంత్రంలో పెట్టి చూపించమనండి.